రెండు సరస్సుల శరత్తు

కొత్త ఊరికి వెళ్ళిన యాత్రికుడు మొదట గోపురాలను చూస్తాడు; ఆ తరువాత కోటలను, అంగళ్ళను, వీధులను చూస్తాడు. కొంచెం లోతుగా ఆలోచించేవాడైతే ఆ ఊరు తాగే నీరు ఎక్కడినుండి వస్తున్నదని అడుగుతాడు. ఆ ఊరిమీద కురిసిన వాన చివరకు ఎక్కడికి చేరుకుంటుందని మాత్రం దాదాపుగా ఎవరూ అడగరు. వచ్చే నీటి మీద ఉన్న శ్రద్ధ పోయే నీటి మీద ఉండదు. కాని ఒక నగరపు మంచిచెడ్డలు తెలియాలంటే అడగవలసిన ప్రశ్న ఇదే. కొల్లేటి ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఈ ప్రశ్న సహజంగానే అబ్బుతుంది. పైనున్న ఊళ్ళ నీరంతా వచ్చి చేరే చోటు వారిది. అటువంటి మనిషి దూరదేశం వెళ్ళినా, స్పెయిన్ దేశంలోని వలెన్సియా వంటి మహానగరంలో అడుగుపెట్టినా, ఈ ప్రశ్నను వెంటబెట్టుకునే వెళతాడు.

దీనికి సమాధానం వెదకటానికి తగిన కాలం శరదృతువు చివరి రోజులు. అప్పటికి వానలు వెనుకపడతాయి. బురదనీరు తేటపడుతుంది. ఏ నేల మీద నీరు నిలిచిందో, ఏ దారిన వెళ్ళిపోయిందో ఆనవాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో అది కార్తీకమాసం. సార్వా వరి పసుపు తిరిగి కోతకు సిద్ధమవుతుంది. తెల్లవారుజామున కాలువగట్ల మీద దీపాలు, పొలాల మీద పలుచని మంచు. రైతు కళ్ళు మాత్రం ఆకాశం మీదనే ఉంటాయి. పంట చేతికి వచ్చే వేళకు తుఫాను వస్తుందేమోనన్న భయం ఈ తీరప్రాంతాన్ని ఏటా నవంబరులో పలకరిస్తూనే ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఇక్కడివారు నేటికీ మరువలేదు.

ఈ కాలంలో తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరు వైపు ప్రయాణం చేస్తే, కిటికీలోనుండి చూస్తుండగానే ఈ ప్రాంతపు భూగోళ పాఠం చదివినట్లవుతుంది. గూడెం వ్యాపారకేంద్రం. కర్నూలు నుండి, మహారాష్ట్ర నుండి వచ్చే ఉల్లిపాయలకు ఇక్కడి మార్కెట్ పేరుపొందింది. సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలసింది. 2015లో పట్టణానికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. రైలు కైకరం, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటుతూ పోతుంది. ఆ దాపులనే ఏలూరు కాలువ సాగుతుంది. కాలువకు ఉత్తరాన మెట్ట, దక్షిణాన డెల్టా. మెట్టమీద కురిసిన వాన వాగులై, కోడులై, దక్షిణానికి వాలిన నేలను పట్టుకొని దిగుతుంది. రైలు కిటికీలోనుండి కొల్లేరు కనిపించదు గాని, వంతెనల కింద పారే ప్రతి నీటిచాలు ఎటు పోతున్నదో చూస్తే సరస్సు ఏ దిక్కున ఉన్నదో తెలిసిపోతుంది.

ఏలూరు నీళ్ళ నడుమ పెరిగిన ఊరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై 1852లో, విజయవాడ వద్ద కృష్ణపై 1855లో ఆనకట్టలు పూర్తయిన తరువాత రెండు నదుల కాలువలూ ఈ ఊళ్ళో కలిశాయి. ఒకప్పుడు ధాన్యం, కలప, ప్రయాణికులు పడవల మీద ఈ కాలువలవెంట సాగిపోయేవారు. ఉన్నితో నేసిన ఏలూరు తివాచీలు విదేశాలకు వెళ్ళాయి. ఆ నేతవిద్య పర్షియా నుండి వచ్చినవారి ద్వారా అబ్బిందని చెబుతారు. ఊరికి కొద్ది దూరంలోని పెదవేగి నాటి వేంగి రాజధాని. ఊరిని ఒరుసుకొని పారే తమ్మిలేరు ఖమ్మం జిల్లా కొండల్లో పుట్టి, వేసవిలో ఇసుకచారగా మిగిలి, వానాకాలంలో ఒక్క రాత్రిలో ఉగ్రరూపం దాలుస్తుంది. దానికి కట్టిన గట్లే ఊరికి రక్ష. తమ్మిలేరు ఏలూరు వద్ద ఆగదు. అది వెతుక్కుంటూ పోయేది కొల్లేటినే.

కృష్ణ, గోదావరి నదులు వేల ఏళ్ళుగా ఒండ్రు తెచ్చిపోసి చెరొక డెల్టాను నిర్మించాయి. ఆ రెండు మెరకల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు వంటి ఏళ్ళు, రెండు డెల్టాల మురుగుకాలువలు దానిలోకి నీరు తెస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. లోనికి వచ్చే దారులు అనేకం, వెలుపలికి పోయే దారి ఒకటే కావటంవలన వానాకాలంలో కొల్లేరు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఇది సరస్సు లోపం కాదు, దాని స్వభావం. పైనుండి ఒక్కసారిగా విరుచుకుపడిన వరదను తన కడుపులో పెట్టుకొని, నెమ్మదిగా సముద్రానికి వదలటమే కొల్లేరు చేసే పని. మనుషులు కట్టిన జలాశయాలకు తలుపులు ఎత్తి దించే ఉద్యోగులు కావాలి. ఈ జలాశయానికి అటువంటివారి అవసరం లేకుండానే తరాలు గడిచాయి.

దీని కీర్తి నేటిది కాదు. 634 నాటి ఐహోలు శాసనం రెండవ పులకేశి విజయాలను కీర్తిస్తూ, యుద్ధంలో రక్తంతో ఎర్రబారిన కునాల జలాలను పేర్కొన్నది. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. దండి మహాకవి దశకుమారచరితంలో వర్ణించిన సముద్రంవంటి ఆంధ్రదేశపు సరస్సు కూడా ఇదేనని పలువురి అభిప్రాయం. సరస్సు నడుమ ఉన్న కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ కొలువై ఉన్నది. ఏటా ఫాల్గుణమాసంలో జరిగే జాతరకు చుట్టుపక్కల జిల్లాల ప్రజలు తరలివస్తారు. ఎంతకూ తెగని వ్యవహారాన్ని ‘కొల్లేటి చాంతాడు’ అనటం తెలుగువారికి పరిపాటి. సరస్సు పేరు నుడికారంలోకి ఎక్కిందంటే అది ప్రజల బ్రతుకులో ఎంతగా కలిసిపోయిందో ఊహించవచ్చు.

ఏలూరు నుండి కైకలూరు వెళ్ళే రహదారి ఈ పల్లం గుండా పోతుంది. కార్తీకంలో ఆ దారిన వెళ్ళేవారికి ఇరువైపులా తుంగ, జమ్ము, కిక్కిస ఏపుగా పెరిగి కనిపిస్తాయి. నీరు నిలకడగా ఉన్నచోట తామరలు, కలువలు. నీరు చెడినచోట గుర్రపుడెక్క. ఉత్తరదేశాలనుండి చలికి వెరచి వచ్చిన పక్షులు అప్పటికే దిగి ఉంటాయి. కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులు గుంపులుగా చేరి గూళ్ళు కడతాయి. చెట్లు చాలక అటవీశాఖవారు నాటిన ఇనుప స్తంభాల మంచెల మీద కూడా అవి కాపురం పెడతాయి. సంచివంటి ముక్కునిండా చేపలు తెచ్చి పిల్లల నోటికి అందించే ఆ పక్షిని చూడటానికి పిల్లలతోపాటు పెద్దలూ నిలబడిపోతారు. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్లకొంగలు, నీటికాకులు తమతమ పనుల్లో మునిగి ఉంటాయి. సందర్శకులు ఛాయాచిత్రాలు తీసుకొని, సంతోషంగా వెనుదిరుగుతారు. చాలామంది దృష్టిలో కొల్లేటి యాత్ర అంతటితో ముగుస్తుంది.

కాని పక్షులతోపాటు ఆ నీటిలో మనుషులున్నారు. లంకగ్రామాల ప్రజలు తరతరాలుగా తాటిదోనెల మీద తిరుగుతూ, మావులు పన్ని, వలలు వేసి, చేపలు పట్టి జీవించారు. నీరు తగ్గినప్పుడు తేలిన నేలలో వరి పండించుకున్నారు. కొర్రమీను దొరికిన రోజు పండుగ; వరద వచ్చిన రోజు ఇంటి చూరు మీద కాపురం. ఆ బ్రతుకు అందమైనదని దూరంనుండి చూసినవారు అనుకోవచ్చు. అది కష్టమైనదని లోపల ఉన్నవారికి తెలుసు. వర్షాకాలంలో రోగికి వైద్యం అందాలన్నా, పిల్లవాడు బడికి వెళ్ళాలన్నా దోనే దిక్కు. అందువల్లనే 1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలను ఏర్పరచి, గట్లు వేసి చేపలచెరువులు తవ్వుకొనేందుకు అనుమతించినప్పుడు లంకవాసులు ఎంతో ఆశపడ్డారు.

ఆ ఆశ తప్పు కాదు. కాని తరువాతి దశాబ్దాల్లో కథ మారిపోయింది. పెట్టుబడి కలవారు కౌలుకు దిగారు. గట్టుకు గట్టు తోడై సరస్సు గళ్ళచీర వలె చీలిపోయింది. బొచ్చె, శీలావతి చేపలు మంచుపెట్టెల్లో లారీలకెక్కి కలకత్తాకు, అస్సాముకు తరలాయి. దేశానికి ఆహారం, అనేకులకు ఉపాధి లభించిన మాట నిజం. కాని ఒకనాడు సరస్సుకు స్వేచ్ఛగా వల విసిరిన మనిషి, అదే సరస్సులో వేరొకరి చెరువు గట్టు మీద కూలివాడయ్యాడు. చెరువుల మేత, ఎరువులు నీటిలో కలిశాయి. ఊళ్ళ మురుగు దానికి తోడైంది. అన్నిటికంటె ముఖ్యంగా, వరదనీరు పరుచుకొనే చోటు తరిగిపోయింది.

1999లో ప్రభుత్వం ఐదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సూచనల మేరకు 2006లో అభయారణ్యంలోని చేపలచెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించారు. ఆ రోజుల్లో గట్లు తెగినచోట నీరు మళ్ళీ ఒకటైంది. పక్షిప్రేమికులు ఆనందించారు. కాని ఆ చెరువుల మీదనే ఆధారపడిన కుటుంబాలు రేపటి కూటికి ఏం చేయాలన్న ప్రశ్నతో గట్లమీదనే నిలబడిపోయాయి. తరువాతి కాలంలో చాలాచోట్ల గట్లు తిరిగి లేచాయి. అభయారణ్యపు హద్దును మూడవ కాంటూరుకు కుదించాలన్న కోరిక, కుదించరాదన్న వాదన రెండూ కొల్లేటి చాంతాడువలె సాగుతూ వచ్చాయి. ఇరుపక్షాల మాటల్లోనూ కొంత న్యాయం ఉండటమే ఈ వివాదంలోని విషాదం.

ఇంత చరిత్ర మనసులో ఉన్న కొల్లేటి మనిషి చదువుకో, ఉద్యోగానికో, విహారానికో ఐరోపా వెళ్ళి, నవంబరు చివర వలెన్సియాలో దిగాడనుకుందాం. స్పెయిన్‌లో మాడ్రిడ్, బార్సిలోనాల తరువాత మూడవ పెద్ద నగరమది. సుమారు 8 లక్షల జనాభా. క్రీస్తుపూర్వం 138లో రోమనులు స్థాపించిన ఊరు. మధ్యధరా సముద్రతీరం కావటంవలన ఆ కాలంలో అక్కడి చలి ఎముకలు కొరికేది కాదు. గోదావరి తీరపు పుష్యమాసపు చలి అలవాటైనవారికి ఒక ఉన్నిచొక్కా చాలు. నగరం వెలుపల నారింజతోటలు పండ్లతో విరగకాసి ఉంటాయి. పదిహేనవ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన పట్టువర్తకుల మందిరం, దాని ఎదుట చేపలూ కూరగాయలూ అమ్మే పెద్ద అంగడి, ప్రాచీన ప్రార్థనామందిరం, ఇరుకు వీధులు – ఇవన్నీ యాత్రికులు చూసేవే. నారింజకట్టెల మంటపై వెడల్పాటి పెనంలో వండే ‘పాయెల్లా’ అన్నం ఆ నగరపు ప్రసిద్ధ వంటకం. వరి వండే ఊరు ఎక్కడైనా కొల్లేటివారికి పరాయిది కాదు.

ఆ నగరంలో అతనిని ఆశ్చర్యపరిచేది ఒక నది. నగరం నడుమనుండి వంకర తిరిగి పోయే లోతైన నదీగర్భం ఉన్నది. పైన పాతకాలపు రాతివంతెనలున్నాయి. నీరు మాత్రం లేదు. నీటికి బదులు చెట్లు, పచ్చికబయళ్ళు, ఆటస్థలాలు ఉన్నాయి. 1957 అక్టోబరు 14న తూరియా నది పొంగి నగరాన్ని ముంచింది. 80 మందికి పైగా మరణించారు. ఆ తరువాత ప్రభుత్వం నగరానికి దక్షిణంగా కొత్త కాలువ తవ్వించి నదిని అటు మళ్ళించింది. ఎండిపోయిన పాత నదీగర్భంలో రహదారి వేయాలని తలపెట్టగా, ప్రజలు వద్దని, అది తమకు తోటగా కావాలని పట్టుబట్టారు. 1980లలో అది ఉద్యానమై, నేడు సుమారు 9 కిలోమీటర్ల పొడవున నగరానికి ఊపిరితిత్తి వలె ఉన్నది.

గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ప్రార్థనామందిరపు ద్వారం ముందు మరొక వింత జరుగుతుంది. నల్లని అంగీలు ధరించిన రైతుప్రతినిధులు గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుంటారు. అది నీటి న్యాయస్థానం. సాగుకాలువల రైతులు ఎన్నుకొన్నవారు ఆ కాలువల తగవులను అక్కడికక్కడే నోటిమాటగా విచారించి తీర్పు చెబుతారు. న్యాయవాదులు లేరు, కాగితాల కట్టలు లేవు. శతాబ్దాలుగా సాగుతున్న ఈ సంప్రదాయాన్ని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. వంతుల వారీగా బోదెలకు నీరు పెట్టుకొనే గోదావరి రైతుబిడ్డకు ఈ దృశ్యం చూస్తే తన ఊరి కాలువగట్టు గుర్తుకురాక మానదు. రాత్రివేళ ఎవరో అడ్డుకట్ట వేశారన్న తగవు ఏ భాషలోనైనా ఒకే విధంగా వినిపిస్తుంది.

ఇంతవరకు చూసినది వచ్చే నీటి కథ. పోయే నీరు ఎక్కడికి చేరుతుంది? ఆ ప్రశ్న వేసుకొని దక్షిణానికి 10 కిలోమీటర్ల దూరం వెళితే అల్బుఫేరా సరస్సు ఎదురవుతుంది. చిన్న సముద్రమన్న అర్థం గల అరబ్బీ మాటనుండి ఆ పేరు వచ్చింది. సముద్రానికీ సరస్సుకూ నడుమ సన్నని ఇసుకమేట, దానిమీద దేవదారు జాతి చెట్లు. చుట్టూ కనుచూపుమేర వరిపొలాలు. కోతలు సెప్టెంబరులో ముగుస్తాయి. నవంబరులో సముద్రపు వైపు తలుపులు దించి, సరస్సు మట్టం పెంచి, కోసిన పొలాలను కావాలనే ముంచుతారు. చలికాలమంతా ఆ నీటిలో వేలాది పక్షులు మేస్తాయి. జనవరిలో తలుపులు ఎత్తి నీటిని వదులుతారు. ఎల్ పాల్మార్ అనే జాలరి పల్లె ఒకప్పుడు అచ్చమైన లంక. అక్కడి మత్స్యకార సంఘంవారు సరస్సులో వల వేసుకొనే చోట్లను ఏటా చీట్లు వేసి పంచుకుంటారు. అడుగు బల్లపరుపుగా ఉన్న పడవను గడకర్రతో నెట్టుకుపోయే జాలరిని చూసినప్పుడు, కొల్లేటి మనిషికి తన దోనె జ్ఞాపకం రావటానికి అనువాదకుడు అక్కరలేదు.

అల్బుఫేరా కూడా బాధలు పడని సరస్సు కాదు. వరిపొలాల కోసం మట్టి నింపగా నింపగా అది పూర్వపు వైశాల్యంలో చాలాభాగం పోగొట్టుకున్నది. బ్లాస్కో ఇబాన్యెత్ 1902లో ప్రచురించిన ‘కాన్యాస్ ఇ బార్రో’ నవలలో ఒక పేదరైతు సరస్సు ముక్కను తట్టలకొద్దీ మట్టితో పూడ్చి పొలం చేసుకొనేందుకు పడిన పాట్లున్నాయి. మన అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో చెరువులు రాకముందటి కొల్లేరును చిత్రించారు. సరస్సు మారిపోతున్నప్పుడు దానిని జ్ఞాపకంలో నిలుపుకోవాలన్న తపన రెండు చోట్లా సాహిత్యాన్ని పుట్టించింది. 1970ల నాటికి కర్మాగారాల, ఊళ్ళ మురుగు చేరి అల్బుఫేరా జలం పాచిపట్టిన ఆకుపచ్చగా మారింది. ఆ చెడు నేటికీ పూర్తిగా విరుగుడు కాలేదు. అయితే ఒక్క విషయం గమనింపదగినది. 1911లో స్పెయిన్ ప్రభుత్వం ఆ సరస్సును వలెన్సియా నగరానికి అప్పగిస్తూ చట్టం చేసింది. 1927లో ఆ అప్పగింత పూర్తయింది. తీరాన భవనాలు కట్టే ప్రయత్నాన్ని పౌరులు ఎదిరించారు. 1986లో సరస్సు, వరిపొలాలు, ఇసుకమేట కలిపి ప్రకృతి ఉద్యానంగా ప్రకటింపబడ్డాయి. సరస్సు మంచిచెడ్డలకు పల్లెవారు మాత్రమేకాక నగరం కూడా బాధ్యత వహించవలసి వచ్చింది.

ఈ రెండు సరస్సుల బంధుత్వాన్ని 2024వ సంవత్సరం కఠినంగా నిరూపించింది. ఆ ఏడు సెప్టెంబరు మొదటి రోజుల్లో కుంభవృష్టి కురిసి బుడమేరుకు గండ్లు పడ్డాయి. విజయవాడలో లోతట్టు కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి. మేడమీద చిక్కుకొన్నవారికి పడవల మీద ఆహారం అందించవలసివచ్చింది. ఆ నీరు చివరకు కొల్లేటికి చేరి లంకగ్రామాలను చుట్టుముట్టింది. రెండు నెలలైనా గడవకముందే, అక్టోబరు 29న, వలెన్సియా పరిసరాల్లో వాన విరుచుకుపడింది. చీవా అనే ఊళ్ళో ఏడాది మొత్తానికి కురిసేంత వాన 8 గంటల్లో కురిసింది. పోయో అనే వాగు పైపోర్తా మొదలైన ఊళ్ళను ముంచెత్తి, కార్లను, గృహోపకరణాలను ఈడ్చుకొనిపోయి అల్బుఫేరా వైపు పరుగెత్తింది. ఆ ప్రాంతంలో 220 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1957 తరువాత తవ్విన కొత్త కాలువ తన పని తాను చేయటంతో నగరమధ్యం చాలావరకు క్షేమంగా ఉన్నది. ప్రమాదం కాలువకు అవతలనున్న దక్షిణపు ఊళ్ళకు వచ్చింది.

దీనినిబట్టి తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. నీటికి దారి మార్చవచ్చు గాని, నీటిని లేకుండా చేయలేము. ఒక చోటును కాపాడటానికి గట్టు కట్టినప్పుడు ఆ నీరు మరొకచోటుకు పోతుంది. ఆ మరొకచోట ఎవరున్నారన్న విచారణ లేకపోతే ఒకరి రక్షణ వేరొకరికి ముప్పు అవుతుంది. కొల్లేరు పూడితే లంకవాసులు మాత్రమే నష్టపోరు. ముందుకు పోలేని నీరు వెనుకకు నిలిచి, పైనున్న పొలాలను, పట్టణాలను ముంచుతుంది. ఉప్పుటేరు ఇరుకైతే ఆ ఇరుకు పైయేళ్ళ వెంట ఎగబాకి బుడమేరు ఒడ్డునున్నవారినీ, తమ్మిలేరు ఒడ్డునున్నవారినీ తాకుతుంది. కనుక సరస్సును కాపాడమని లంకల వారికి మాత్రమే నీతి చెప్పటం న్యాయం కాదు. పల్లపు నేలలో బ్రతికే మనిషి చెరువు వదులుకొనటంవలన మెరకమీది నగరం క్షేమంగా ఉన్నప్పుడు, ఆ మనిషి జీవనోపాధికి నగరం కూడా భాగం పంచుకోవాలి. అతడి పిల్లలకు బడి, రోగులకు వైద్యం, వలకు నికరమైన చేప, చేపకు గిట్టుబాటు ధర కల్పించకుండా పక్షుల పేరు చెప్పి గట్లు తెంచితే ఆ గట్లు మళ్ళీ లేస్తూనే ఉంటాయి.

వలెన్సియావారు అన్నీ సరిగా చేశారని దీని అర్థం కాదు. 2024 నాటి విషాదం వారి లోపాలను కూడా బయటపెట్టింది. వాగులు పొంగే పల్లాల్లో ఇళ్ళు కట్టటం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. అయితే నీటి తగవులను బహిరంగంగా వీధిలో కూర్చుండి తీర్చుకొనే అలవాటు, సరస్సు నగరానిదేనన్న భావన – ఈ రెండూ మనం ఆలోచించదగినవి. కొల్లేటి హద్దులను నిర్ణయించే వేళ ఒకే వరుసలో కూర్చుండవలసినవారు చాలామంది ఉన్నారు: లంకల జాలరి, డెల్టా రైతు, చెరువు కూలి, పక్షుల నిపుణుడు, ఏలూరు పౌరుడు, విజయవాడ పౌరుడు. ఇప్పటివరకు వీరు ఒకరినొకరు న్యాయస్థానాల్లోనే ఎక్కువగా కలుసుకున్నారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల్లో చదివే విద్యార్థులకు ఈ విషయం తెలుసుకొనేందుకు విదేశయానం అవసరం లేదు. కార్తీకమాసంలో ఒక సెలవుదినాన తమ వీధి మురుగుకాలువ వెంట నడిచి, అది ఏ వాగులో కలుస్తున్నదో, ఆ వాగు ఏ ఏటిలో పడుతున్నదో చూస్తే చాలు. దారిలో ఎవరు చెత్త వేశారో, ఎక్కడ తూము పూడిందో, ఏ మలుపున కొత్త ఇల్లు లేచిందో కనిపిస్తుంది. ఆ నడక చివర తుంగపొదల నడుమ దోనె కట్టుకొంటున్న మనిషి తారసపడితే, ఈ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందని అడగవచ్చు. అతడు తన ఇంటి గోడమీది చారను చూపించి సమాధానం చెబుతాడు.